ఒక్కరే యూరప్ వెళ్తుంటే ముందు రెండో ఫోన్, తర్వాతే మిగతా గాడ్జెట్లు

మీరు ఇచ్చిన వివరాలు ఇవి: హైదరాబాద్ నుంచి ఒక్కరే వెళ్తున్నారు, 16 రోజులు. పారిస్‌లో దిగి, స్విట్జర్లాండ్ మీదుగా రోమ్ దాకా రైళ్లలో. ఆండ్రాయిడ్ ఫోన్. గాడ్జెట్ల బడ్జెట్ 15 వేలు. కొనాలనుకున్నవి 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, యూనివర్సల్ అడాప్టర్, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్, దాచిన కెమెరాలను పట్టే డిటెక్టర్, పెప్పర్ స్ప్రే. వీటిలో చివరి మూడూ కొనకండి. పవర్ బ్యాంక్‌ను విమానం ఎక్కనివ్వకపోవచ్చు. అడాప్టర్ అయితే ఆ మూడు దేశాల్లో మీకు అవసరమే పడకపోవచ్చు. మీ జాబితాలో లేనిది, అన్నిటికంటే ముందు ఉండాల్సింది రెండో ఫోన్.

ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి ఫోన్ పోయినా రెండోవాళ్ల ఫోన్‌తో బండి నడిచిపోతుంది. ఒక్కరే వెళ్తే రైలు టికెట్, హోటల్ అడ్రస్, మ్యాప్, బ్యాంక్ ఓటీపీ, ఇంట్లోవాళ్లతో వాట్సాప్, అన్నీ ఒకే వస్తువులో ఉంటాయి. పారిస్ మెట్రోలో తలుపులు మూసుకునే క్షణంలో చేతిలో ఫోన్ లాక్కుని దిగిపోవడం అక్కడ బాగా తెలిసిన దొంగతనం. ఆ రోజు రాత్రి మీ హోటల్ పేరు కూడా గుర్తు రాని పరిస్థితి రాకూడదు. కాబట్టి ఏది కొనాలన్నా ఒకటే ప్రశ్న వేసుకోండి: ప్రధాన ఫోన్ పోతే, మిగిలినవాటితో నేను పని జరుపుకోగలనా?

రెండో ఫోన్ కొత్తది కొనక్కర్లేదు. ఇంట్లో డ్రాయర్‌లో పడున్న పాతది చాలు, స్క్రీన్ మీద గీతలున్నా ఫర్వాలేదు. చూడాల్సినవి మూడే. 4జీ ఉండాలి, మీ బ్యాంక్ యాప్ దాని ఆండ్రాయిడ్ వెర్షన్‌లో తెరుచుకోవాలి, ఛార్జింగ్ కనీసం సగం రోజు నిలవాలి. బ్యాటరీ నీరసించిపోయి ఉంటే సర్వీస్ సెంటర్‌లో మార్పించండి. మీ 15 వేలలో అంతకంటే మంచి ఖర్చు ఉండదు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మీ గూగుల్ ఖాతాతోనే లాగిన్ అవ్వండి.

ఇక ఏ సిమ్ ఏ ఫోన్‌లో? బ్యాంకుకు లింక్ అయిన మీ భారతీయ నంబరును పాత ఫోన్‌లో పెట్టండి. బయట తిరిగేటప్పుడు చేతిలో ఉండే ఫోన్‌లో ప్రయాణ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్), మీకు ఇంకో భారతీయ నంబరు ఉంటే అది. కారణం ఏమిటంటే, వీధిలో పోయేది చేతిలో ఉన్న ఫోనే. దాంతోపాటు బ్యాంక్ నంబరు కూడా పోతే డూప్లికేట్ సిమ్ కోసం ఇండియాలో ఎవరో ఒకరు స్టోర్ చుట్టూ తిరగాలి, చాలాసార్లు మీరే స్వయంగా రావాలంటారు. బ్యాంక్ నంబరు సిమ్‌ను ప్రయాణానికి ముందు ఈసిమ్‌గా మార్చుకోకండి. ఫోన్ పాడైతే ప్లాస్టిక్ సిమ్‌ను తీసి ఇంకో ఫోన్‌లో వేసుకోవచ్చు. ఈసిమ్‌ను అలా చేత్తో తీయలేరు, మళ్లీ తీసుకోవాలంటే వచ్చే మెసేజ్ కూడా ఆ నంబరుకే రావచ్చు. సిమ్ ట్రే తెరిచే పిన్ను ఒకటి పర్సులో వేసుకోండి.

ఆ నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ బయల్దేరడానికి ముందే ఆన్ చేయించాలి. అక్కడ దిగాక యాక్టివేట్ చేద్దామంటే దానికీ ఓటీపీ కావాలి, అది రాదు. రోమింగ్ ఆన్‌లో ఉంచి, ఆ ఫోన్‌లో డేటా రోమింగ్ మాత్రం ఆఫ్ చేయండి. మెసేజ్‌లు వస్తాయి, డేటా బిల్లు రాదు. ఇంటర్నెట్ కావాలంటే హోటల్ వైఫై ఉంది.

యూపీఐ, బ్యాంక్ యాప్ రెండూ సిమ్ ఉన్న ఫోన్‌కే ముడిపడి ఉంటాయి. సిమ్‌ను కొత్త ఫోన్‌లోకి మార్చాక మొదటిసారి రిజిస్టర్ చేసేటప్పుడు యాప్ ఆ సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపిస్తుంది. ఇది ఇండియాలో ఉండగానే, కనీసం వారం ముందు పూర్తి చేయండి. కొత్త పరికరంలో లాగిన్ అయిన మొదటి రోజు కొన్ని బ్యాంకులు లావాదేవీలపై పరిమితి పెడతాయి. అదే రోజు కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, పరిమితి సెట్ చేయండి. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో ఇది ఆఫ్‌లోనే వస్తుంది. యూపీఐ 2024లో ఈఫిల్ టవర్ దగ్గర మొదలైంది కానీ దాన్ని నమ్ముకుని యూరప్ వెళ్లకూడదు. రెండు కార్డులు, రెండు వేర్వేరు బ్యాంకులవి, రెండు వేర్వేరు చోట్ల పెట్టుకోండి. ఏటీఎం గానీ స్వైప్ మెషిన్ గానీ "రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా" అని అడిగితే ప్రతిసారీ యూరో అనే నొక్కండి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంక్. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు ఆ మెషిన్ వాళ్లది, మీకు నష్టం.

వాట్సాప్ మీ ప్రధాన ఫోన్‌లో ఉంచి, పాత ఫోన్‌ను లింక్డ్ డివైస్‌గా, అంటే అదే ఖాతా నడిచే రెండో ఫోన్‌గా, కలపండి. ప్రధాన ఫోన్ ఆగిపోయినా లింక్ చేసింది పనిచేస్తుంది. 14 రోజులు ప్రధాన ఫోన్ వాడకపోతేనే అది లాగౌట్ అవుతుంది, మొదటి రెండు రోజుల్లోనే పోతే తప్ప, ఇంటికి చేరడానికి ఆ గడువు చాలు.

తర్వాత గూగుల్ ఖాతా. సెక్యూరిటీలో టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద బ్యాకప్ కోడ్‌లు ఉంటాయి, 8 అంకెలవి 10. వాటిని కాగితం మీద ప్రింట్ తీసి, పాస్‌పోర్ట్‌తో కాకుండా వేరే చోట పెట్టండి. ఈమెయిల్ ఐడీ, కోడ్‌లు ఒకే కాగితం మీద రాయకండి. రెండు ఫోన్‌లలో *#06# డయల్ చేసి, ఒక్కో ఫోన్‌కు ఒక్కోటిగా ఉండే ఐఎంఈఐ నంబర్లు రాసుకోండి. పోలీస్ రిపోర్ట్‌లోనూ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ మొదట అడిగేది అదే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగంలోని థెఫ్ట్ ప్రొటెక్షన్ తెరిచి, చేతిలోంచి లాక్కున్నట్టు కదలికను గుర్తించి లాక్ అయ్యేది, ఇంటర్నెట్ తెగితే లాక్ అయ్యే ఆఫ్‌లైన్ లాక్, రెండూ ఆన్ చేయండి. పాత ఫోన్‌లో, పోయిన ఫోన్ ఎక్కడుందో చూపించే ఫైండ్ హబ్ యాప్ వేసి, అక్కడినుంచి ప్రధాన ఫోన్ కనిపిస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

ఎక్కువమంది వదిలేసేది సిమ్ పిన్. ఫోన్‌కు ఎంత గట్టి లాక్ ఉన్నా, దొంగ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలు అతనికి వెళ్తాయి. సిమ్‌కే పిన్ పెడితే ఆ దారి మూసుకుంటుంది. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. ముందు మీ కంపెనీ డీఫాల్ట్ పిన్ ఎంతో కస్టమర్ కేర్‌లో కనుక్కోండి, ఊహించి కొట్టకండి. 3 సార్లు తప్పు కొడితే పీయూకే (లాక్ అయిన సిమ్‌ను తెరిచే కోడ్) అడుగుతుంది, పీయూకే 10 సార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పనికిరాదు. పీయూకే నంబరు కూడా ముందే అడిగి రాసుకోండి.

ప్రయాణ ఈసిమ్ విషయానికి వద్దాం. మీ ఫోన్‌లో *#06# కొట్టినప్పుడు ఈఐడీ అని పొడవైన నంబరు కనిపిస్తే ఈసిమ్ పనిచేస్తుంది. అమెరికా నుంచి అన్నయ్యో బాబాయో పంపిన ఫోన్ అయితే అది అక్కడి నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉందేమో చూడండి. వాయిదాల మీద కొన్నవి ఇలా వస్తాయి, వేరే ఈసిమ్ ఎక్కదు. ప్యాక్ కొనేటప్పుడు "యూరప్" అన్న పేరు చూసి ఆగకండి. దేశాల జాబితా తెరిచి స్విట్జర్లాండ్ పేరు ఉందో లేదో చూడండి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, అందుకే కొన్ని ప్యాక్‌లలో ఉండదు. పారిస్‌లో కొన్న కొన్ని ఫ్రెంచ్ సిమ్‌లతో స్విట్జర్లాండ్ సరిహద్దు దాటగానే డేటా ఆగిపోవడానికీ ఇదే కారణం. 16 రోజులకు మ్యాప్‌లు, వాట్సాప్, బుకింగ్‌లు మాత్రమే అయితే 5 నుంచి 10 జీబీ సరిపోతుంది, వీడియోలు హోటల్ వైఫైలో చూసుకోండి.

ఈసిమ్‌ను ఇంట్లో వైఫై మీద ఇన్‌స్టాల్ చేసి, ఆన్ చేయకుండా వదిలేయండి. చాలా ప్యాక్‌ల గడువు అక్కడి నెట్‌వర్క్ తగిలాకే మొదలవుతుంది, కొన్నింటిది ఇన్‌స్టాల్ చేయగానే మొదలవుతుంది, కొనేముందు ఆ లైన్ చదవండి. దిగాక ఈసిమ్ ఆన్ చేసి, దానికి డేటా రోమింగ్ కూడా ఆన్ చేయాలి. సిగ్నల్ వచ్చి ఇంటర్నెట్ రాకపోతే పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు ఇక్కడే. అప్పటికీ రాకపోతే కంపెనీ పంపిన ఏపీఎన్ (ఇంటర్నెట్ కలిపే సెట్టింగ్) పేరు చేత్తో ఎక్కించండి. పనిచేయడం లేదని విసుగొచ్చి ఈసిమ్‌ను డిలీట్ మాత్రం చేయకండి, చాలా క్యూఆర్ కోడ్‌లు ఒక్కసారికే పనిచేస్తాయి. ప్రధాన ఫోన్‌లో భారతీయ సిమ్ కూడా ఉంటే, డేటా తనంతట తాను ఇంకో సిమ్‌కు మారే ఆప్షన్ ఆఫ్ చేయండి. ఆల్ప్స్ లోయల్లో ఈసిమ్ సిగ్నల్ పోగానే ఫోన్ మీ భారతీయ సిమ్ డేటా మీదికి దూకి బిల్లు పెంచుతుంది.

ఇలాంటి ఈసిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప ఫోన్ నంబరు ఉండదు, మామూలు కాల్స్ వెళ్లవు. ఆపదలో 112 ముఖ్యం. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడింట్లోనూ అదే నంబరు పనిచేస్తుంది. కానీ ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాల్లో సిమ్ లేని ఫోన్ నుంచి 112 కలవదు. అందుకే చేతి ఫోన్‌లో రోమింగ్ ఉన్న రెండో భారతీయ నంబరుగానీ, వాయిస్ ఉన్న ఈసిమ్‌గానీ ఉండాలంటున్నాను. పవర్ బటన్ 5 సార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లేలా సెట్ చేసి, ఇంట్లోవాళ్ల నంబర్లు అందులో ఎక్కించండి. స్విట్జర్లాండ్‌లో కొండలెక్కే ఆలోచన ఉంటే 1414 కూడా రాసుకోండి, అది రెగా అనే హెలికాప్టర్ రక్షణ సంస్థది.

శాటిలైట్ మెసెంజర్ ఎందుకు వద్దంటున్నానంటే, మీ దారిలో అది అక్కరలేదు, పైగా ఇండియాలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి కమ్యూనికేటర్లు దగ్గర ఉంచుకోవడం నేరం. వాటితో మన విమానాశ్రయాల్లో దొరికిన విదేశీ పర్యాటకులను అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. అక్కడ కొనుక్కుని తెచ్చుకోవడం కూడా వద్దు.

పవర్ బ్యాంక్ లెక్క చూడండి. విమానంలో లెక్క ఎంఏహెచ్‌లో కాదు, బ్యాటరీలో పట్టే శక్తిని కొలిచే వాట్-అవర్‌లో. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి 1,000తో భాగించండి. 30,000 అయితే 111 వాట్-అవర్. 100 దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. 20,000 అయితే 74, ఇబ్బంది లేదు. మీకు 10,000 చాలు, 37 వాట్-అవర్. అయితే డబ్బా మీద 10,000 అని ఉంటే ఫోన్‌లోకి అంత రాదు. లోపలి సెల్ 3.7 వోల్టులు, ఫోన్‌కు ఇచ్చేది 5 వోల్టులు. ఆ మార్పిడికి, వేడికి పోగా చేరేది సుమారు 6,000 నుంచి 6,500. అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకసారి నిండి కొంచెం మిగులుతుంది. రోజంతా మ్యాప్ వాడే మనిషికి అది సరిపోతుంది. పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతి సామానులోనే, చెకిన్‌లో వేయకూడదు. బోర్డింగ్ గేటు దగ్గర "పైన చోటు లేదు, బ్యాగు కిందికి పంపుతాం" అని మీ క్యాబిన్ బ్యాగు తీసుకుంటే, ఇచ్చేముందు పవర్ బ్యాంక్ తీసి జేబులో పెట్టుకోండి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. వాట్-అవర్ అంకె చెరిగిపోయిన పాతది తీసుకెళ్లకండి, సెక్యూరిటీ వాళ్లు ఉంచేసుకుంటారు. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్తుంటే, 2025 అక్టోబరు 1 నుంచి ఒక్క పవర్ బ్యాంక్‌నే, అదీ 100 వాట్-అవర్ లోపుదే అనుమతిస్తున్నారు, విమానంలో దాన్ని వాడనివ్వరు.

ఫోన్‌లో టికెట్ ఉన్నప్పుడు ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే, తనిఖీకి వచ్చినవాళ్లు జరిమానా వేస్తారు. రైలు టికెట్ల పీడీఎఫ్‌లు రెండు ఫోన్‌లలో డౌన్‌లోడ్ చేసి ఉంచండి, మెయిల్‌లో ఉన్నాయిలే అనుకోకండి.

సాకెట్ల సంగతి. ఈ మూడు దేశాల్లోనూ 230 వోల్టులే, మన దగ్గరలాగే. సాకెట్లు మాత్రం మూడూ వేరు. ఫ్రాన్స్‌లో గుండ్రటి గుంతలో ఒక ఎర్త్ పిన్ను బయటికి పొడుచుకుని ఉంటుంది. ఇటలీలో ఒకే వరుసలో మూడు రంధ్రాలు. స్విట్జర్లాండ్‌లో లోపలికి దిగిన ఆరు మూలల గుంత. అయినా సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్, పిన్ను మందం 4 మిల్లీమీటర్లు ఉన్నది, మూడింట్లోనూ దూరుతుంది. మీ ఛార్జర్ పిన్ను మందం స్కేలుతో కొలవండి. మన మూడు పిన్నుల ప్లగ్గులవి 5 మిల్లీమీటర్లు దాటుతాయి, అవి పట్టవు. పెద్ద ఘనాకారపు యూనివర్సల్ అడాప్టర్ స్విస్ గుంతలోకి దిగదు, ఎందుకంటే ఆ గుంత ఇరుకు, అడాప్టర్ ఒళ్లు లావు. కాబట్టి అడాప్టర్ డబ్బులు ఆపి, సన్న పిన్నులున్న 65 వాట్ల గ్యాన్ ఛార్జర్ (చిన్న సైజులోనే ఎక్కువ పవర్ ఇచ్చే రకం) ఒకటి కొనండి, కనీసం రెండు టైప్-సి పోర్టులున్నది. రెండు ఫోన్లు, పవర్ బ్యాంక్, టైప్-సి ల్యాప్‌టాప్ ఉంటే అది కూడా, అన్నిటికీ ఒకటే. కేబుళ్లు రెండు తీసుకోండి, 2 మీటర్లది ఒకటి, అర మీటరుది ఒకటి. పాత హోటళ్లలో సాకెట్ మంచానికి దూరంగా ఉంటుంది.

చిన్న రైస్ కుక్కర్‌గానీ కెటిల్‌గానీ పట్టుకెళ్లే ఉద్దేశం ఉంటే, వోల్టేజ్ సమస్య లేదు, అడాప్టర్ సమస్య ఉంది. కొన్ని మామూలు యూనివర్సల్ అడాప్టర్లలో ఫ్యూజ్ 6 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. 1,500 వాట్ల కెటిల్ 230 వోల్టుల మీద 6.5 ఆంపియర్లు లాగుతుంది, ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. పైగా గదిలో వండొద్దని చాలా హోటళ్లు రాసి పెడతాయి, ఆవిరికి పొగ అలారం మోగవచ్చు. కాస్త పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లి, బ్రెడ్డో అన్నమో అక్కడ కొనుక్కోవడం మేలు.

గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ధీమాగా ఉండకండి. ఆఫ్‌లైన్‌లో అది కారు దారి మాత్రమే చూపిస్తుంది, నడక దారి, మెట్రో దారి చూపించదు. మీరు తిరిగేదంతా నడకే. ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్‌లో పారిస్, స్విట్జర్లాండ్, మధ్య ఇటలీ మ్యాప్‌లు దించుకోండి, ఇంటర్నెట్ లేకపోయినా నడక దారి చెబుతుంది. హోటళ్లను అందులో పిన్ చేసి పెట్టుకోండి, పాత ఫోన్‌లో కూడా.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ ఆఫ్‌లైన్ ప్యాక్‌లు దించండి. తెలుగు ప్యాక్ కూడా ఉంది కానీ ఆఫ్‌లైన్‌లో ఇంగ్లిష్ నుంచి మార్చినప్పుడే వాక్యం శుభ్రంగా వస్తుంది. శాకాహారి అయితే "మాంసం, చేప, మాంసం ఉడికించిన రసం తినను" అన్న వాక్యాన్ని మూడు భాషల్లో మార్చి, తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి అర్థం సరిచూసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ రసం మాట తప్పకుండా ఉండాలి. కూరగాయల సూప్ అని ఇచ్చినదానిలో, ఇటలీ అన్నం వంటకమైన రిసోట్టోలో అదే కలవొచ్చు.

సామాను ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ట్యాగులు రెండు చాలు, చెకిన్ పెట్టెలో ఒకటి, చేతి సంచిలో ఒకటి. మీది ఆండ్రాయిడ్ కాబట్టి యాపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ పనిచేయదు, ఫైండ్ హబ్‌తో పనిచేసేది తీసుకోండి. దీని నెట్‌వర్క్ డీఫాల్ట్‌గా జనం ఎక్కువుండే చోట్లనే స్థానం చూపిస్తుంది. విమానాశ్రయంలో, పెద్ద స్టేషన్‌లో బాగా కనిపిస్తుంది, చిన్న స్విస్ ఊరి స్టేషన్‌లో ఆలస్యంగా కనిపించవచ్చు. పెట్టె ఎవరో ఎత్తుకెళ్లినట్టు చూపిస్తే మీరే వెంటపడకండి, ఆ స్క్రీన్ పోలీసులకు చూపించండి. ఇటలీ రైళ్లలో పెద్ద పెట్టెలు బోగీ చివర పెట్టాల్సి వస్తుంది. మన రైళ్లలో సీటు కింద పెట్టెకు వేసే గొలుసు, తాళం అక్కడ ట్యాగ్ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

గది భద్రతకు తలుపు కింద దూర్చితే తెరుచుకోకుండా ఆపి, తోస్తే మోగే అలారం ముక్క కొనండి, చౌకైనదే. తలుపు గదిలోపలికి తెరుచుకుంటేనే ఉపయోగం. మెత్తటి కార్పెట్ మీద జారుతుంది, కింద గరుకు టేపు అంటించండి. హాస్టల్లో ఉంటే లాకర్‌కు సొంత తాళం కావాలి, కొక్కెం సన్నగా ఉన్నది తీసుకోండి, చాలా లాకర్ల రంధ్రాల్లో లావుది దూరదు. చౌక కెమెరా డిటెక్టర్లు వైఫై రూటర్‌కూ మీ ఫోన్‌కూ కూడా మోగుతాయి. లోపల కార్డులోకి రికార్డ్ చేసే కెమెరాకు మాత్రం మోగవు. దానికంటే లైట్లార్పి, ఫోన్ టార్చ్‌ను కంటి పక్కన పెట్టి, మంచానికీ బాత్రూమ్‌కూ ఎదురుగా ఉన్న గడియారం, పొగ అలారం, ఛార్జర్ల మీద నెమ్మదిగా తిప్పండి. లెన్స్ ఉంటే సూదిమొనంత చుక్క మెరుస్తుంది. పెప్పర్ స్ప్రేను చేతి సామానులో ఎక్కనివ్వరు, చాలా విమాన సంస్థలు చెకిన్‌లో కూడా ఒప్పుకోవు. దాని చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్‌లో అయితే దగ్గర ఉంచుకోవడమే ఆయుధాల చట్టం కింద నేరం. పిన్ను లాగితే గట్టిగా అరిచే పర్సనల్ అలారంతో ఇలాంటి చిక్కు ఉండదు.

ఇంట్లోవాళ్లకు గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేర్ చేయండి, "నేను ఆపేదాకా" అన్న ఆప్షన్‌తో. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎంత పెంచినా 8 గంటలకే ఆగిపోతుంది, అది ఆగగానే అమ్మకు కంగారు. కాల్ టైమ్ కూడా ముందే అనుకోండి. వేసవిలో ఆ దేశాలు మనకంటే మూడున్నర గంటలు వెనక, అక్టోబరు చివరి ఆదివారం నుంచి నాలుగున్నర.

పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ, ఇన్సూరెన్స్ పాలసీ, మూడు దేశాల్లోని మన రాయబార కార్యాలయాల ఫోన్ నంబర్లు, రెండు ఫోన్‌లలోనూ కాగితం మీద కూడా ఉండాలి. పాస్‌పోర్ట్ పోతే ముందు స్థానిక పోలీస్ రిపోర్ట్, తర్వాత రాయబార కార్యాలయంలో, ఇండియాకు తిరిగి రావడానికి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఆ వరుస తప్పితే రెండుసార్లు తిరగాలి.

బయల్దేరే వారం ముందు ఒక ఆదివారం ప్రధాన ఫోన్ స్విచాఫ్ చేసి అమ్మ చేతికివ్వండి. పాత ఫోన్‌తోనే బ్యాంక్ యాప్ తెరవండి, ఒక ఓటీపీ రప్పించండి, వాట్సాప్‌లో మెసేజ్ పంపండి, రైలు టికెట్ పీడీఎఫ్ తెరవండి, ఇంటర్నెట్ ఆపేసి హోటల్‌కు నడక దారి వెతకండి. ఆ తర్వాత ఇంట్లోవాళ్ల ల్యాప్‌టాప్‌లో, ఫోన్ ముట్టకుండా, కాగితం మీది ఒక బ్యాకప్ కోడ్‌తో జీమెయిల్ తెరవండి. వాడిన కోడ్ కొట్టేయండి, అది మళ్లీ పనిచేయదు. ఈ పనుల్లో ఏది ఆగితే దాన్ని సరిచేయడానికి ఇంకా వారం చేతిలో ఉంటుంది.